మూత లోపలి నంబరు

సీసా మూతలతో చేసిన నా కళాకృతి మొదటి రూపం చాలా అందంగా వచ్చింది. గొడవంతా అక్కడే మొదలైంది.

సీసా మూతలు, 1,140. పద్నాలుగు నెలల పాటు నేనూ, మా ఇంట్లోవాళ్ళూ, స్టూడియో పంచుకునే ఇద్దరు స్నేహితులూ తాగిన ప్రతి సీసా మూతనూ దాచాను. కడిగి, ఆరబెట్టి, రంగుల వారీగా వేరుచేసి, తెల్లగోడ మీద పన్నెండడుగుల పొడవున పట్టీలా అతికించాను. ఒక చివర ఎరుపు, అక్కణ్ణుంచి నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం, చివరకు తెలుపు. వస్తువుల మోజు గురించి, కొని పారేసే అలవాటు గురించి ఏదో చెప్తున్నానని అనుకున్నాను. ఒక గ్రూప్ షోలో పెట్టాం. జనం దాని ముందు వరసగా నిలబడి ఫొటోలు దిగారు. రంగు చీర కట్టుకున్నావిడ తన చీరకి మ్యాచ్ అయ్యే చోటు వెతుక్కుని మరీ నిలబడింది. ‘పర్యావరణం గురించి కదా, బాగుంది’ అని ఒకాయన తల ఊపి ముందుకెళ్ళాడు. ఐదు సెకన్లు కూడా ఆగలేదు.

అన్నిటికంటే ఇబ్బంది పెట్టిన సంగతి, షోకి డబ్బు సర్దినవాళ్ళలో ఒక డ్రింకుల కంపెనీ ఉంది. వాళ్ళకి ఈ గోడ తెగ నచ్చింది. తమ ఆఫీసు రిసెప్షన్లో ఇంకా పెద్దది కావాలన్నారు. వాళ్ళ సరుకు మీద నేను చేశాననుకున్న విమర్శని వాళ్ళే ఫ్రేము కట్టించుకుంటామంటున్నారంటే, అందులో విమర్శ లేదన్నమాట.

షో చూసిన ఒక సీనియర్ ఆర్టిస్టు ఇంకో మాట అన్నారు. ‘టోనీ క్రాగ్ 1978లోనే చేసేశాడు కదమ్మా ఇది!’ నిజమే. ఆ బ్రిటిష్ శిల్పి, దొరికిన ప్లాస్టిక్ ముక్కల్ని వర్ణపటం వరసలో నేల మీద పరిచిన ‘న్యూ స్టోన్స్, న్యూటన్స్ టోన్స్’ నాకు తెలుసు. తెలిసీ మర్చిపోయాను. నన్ను కలవరపెట్టింది కాపీ అన్న మాట కాదు. ఆయన పరిచినవి విరిగి, అరిగి, వస్తువుగా పనికిరాకుండా పోయిన ముక్కలు. నేను మాత్రం మూతల్ని శుభ్రంగా కడిగి, మెరిపించి, మళ్ళీ కొట్టులో పెట్టినట్టు పెట్టాను. డిస్‌ప్లే చేశాను, అంతే.

ఎవరి రంగు అది?

ఈ రంగంలో పనిచేసేవాళ్ళందరికీ ఎప్పుడో ఒకప్పుడు తగిలే దెబ్బే ఇది. ఫ్యాక్టరీ వస్తువు దగ్గర ఆర్టిస్టు కొత్త బిచ్చగాడు. కంటిని ఆపడం, చెయ్యి చాచేలా చెయ్యడం దాని వృత్తి. ఆ ఎరుపు ఎంత ఎర్రగా ఉండాలో నాకంటే బాగా తెలిసినవాళ్ళు, అదే పనిగా కూర్చుని తేల్చారు. నేను దాన్ని తెచ్చి గోడకి అతికిస్తే పనిచేసేది వాళ్ళ నైపుణ్యమే.

అమెరికన్ పాప్ ఆర్టిస్టు ఆండీ వార్హోల్ చేసిన బ్రిల్లో పెట్టెల కథ ఇక్కడే గుర్తొస్తుంది. 1964లో న్యూయార్క్‌లోని స్టేబుల్ గ్యాలరీలో ఆయన బ్రిల్లో అనే కంపెనీ అమ్మే, సబ్బు దట్టించిన స్టీలు పీచు డబ్బాల నకళ్ళు పెట్టాడు. ప్లైవుడ్ పెట్టెలు, మీద సిల్క్‌స్క్రీన్ అచ్చు. కళ అంటే ఏమిటన్న చర్చ దశాబ్దాల పాటు వాటి చుట్టూ నడిచింది. అసలు అట్టపెట్టె మీది డిజైను వేసింది జేమ్స్ హార్వీ అనే ఆయన. ఆయన అబ్‌స్ట్రాక్ట్ ఎక్స్‌ప్రెషనిస్టు చిత్రకారుడు, అంటే ఆకారాల కంటే రంగుతో, గీతతో ఉద్వేగాన్ని చెప్పే బాణీ; పొట్టకూటి కోసం ప్యాకేజీలు డిజైన్ చేసేవాడు. గ్యాలరీలో జనం కన్ను ఆగింది చాలావరకు ఆయన గీసిన గీత దగ్గరే. వార్హోల్ వేసిన ప్రశ్న గొప్పదే, కాదనను. కానీ నా గోడ విషయంలో ప్రశ్న కూడా లేదు. హార్వీ లాంటి ఎవరిదో పని ఉంది, దాని మీద నా పేరు ఉంది.

తిరగబడ్డ మూతలు

మలుపు నా తెలివి వల్ల రాలేదు. జిగురు వల్ల వచ్చింది.

ఈ మూతలు పాలిథిలీన్‌వో, పాలీప్రొపిలీన్‌వో అయి ఉంటాయి. ఆ రెండు ప్లాస్టిక్కులకీ ఏదీ సరిగ్గా అంటుకోదు. రంగు నిలవదు, మామూలు జిగురు పట్టదు. ముందుగా గరుకు కాగితంతో రుద్ది ప్రైమర్ పూయాలి. నేను తొందరలో టేపుతో సరిపెట్టాను. షో మూడోవారంలో ఒక పొద్దున వెళ్ళి చూస్తే నూటికి పైగా మూతలు నేల మీదున్నాయి. సగం బోర్లా, సగం వెల్లకిలా.

ఏరుతుంటే వెల్లకిలా పడ్డవాటి లోపల ఏదో కనిపించింది. మూత అడుగున, సీసా మూతికి ఆనే ప్లాస్టిక్ రింగు లోపల, ఉబ్బెత్తుగా చిన్న అంకె. 17. పక్కదాంట్లో 3. ఇంకోదాంట్లో మళ్ళీ 17. పక్కన ఒక అక్షరం. పద్నాలుగు నెలలు ఒక్కొక్క మూతనీ నా చేత్తో కడిగాను, ఒక్కసారి కూడా చూడలేదు. బ్రష్షు పెట్టి తోమింది సరిగ్గా ఆ అంకె మీదే.

అంకె సంగతి తెలుసుకోవడానికి తెలిసినవాళ్ళ ద్వారా ఒక టూల్ రూమ్‌కి వెళ్ళాను. అచ్చులు బాగుచేసే చోటు. ముప్పై ఏళ్ళుగా అదే పనిలో ఉన్న పెద్దాయన మూతని చేతిలోకి తీసుకుని, చూపుడువేలు లోపల పెట్టి తడిమి, చూడకుండానే చెప్పేశాడు. ‘నలభై ఎనిమిది క్యావిటీల అచ్చయి ఉంటుందమ్మా. ఇది పదిహేడోది.’

అచ్చులో ఒకేసారి ఎన్నో మూతలు తయారవుతాయి: 24, 48, 72, 96. ఒక్కో మూత పుట్టే గుంటని క్యావిటీ అంటారు, మూత లోపలి భాగాన్ని మలిచే ఉక్కు ముక్క కోర్. కరిగిన ప్లాస్టిక్ అన్ని గుంటల్లోకీ ఒకేసారి దూరుతుంది, కొన్ని సెకన్లలో గట్టిపడి రాలుతుంది. మూత పైన మధ్యలో చుక్క లాంటి మచ్చ ఉంటే ప్లాస్టిక్ లోపలికి దూరిన దారి అదే, గేటు అంటారు. కొన్ని మూతలకి ఆ మచ్చ ఉండదు. అవి ప్లాస్టిక్ ముద్దని నొక్కి చేసినవి. ఇవన్నీ నా దగ్గరున్న మూతల్లోనే చూపించాడాయన, పోగులోంచి ఒక్కొక్కటీ తీసి.

‘మరి నంబరెందుకు?’ అన్నాను.

‘మీకోసం కాదమ్మా, మాకోసం. పొద్దున లీకవుతున్న మూతలు నాలుగు తిరిగొచ్చాయనుకోండి. నాలుగింట్లోనూ ఇరవై రెండే ఉంటే ఆ ఒక్కటీ చూసుకుంటే చాలు. నంబరు లేకపోతే అన్నీ విప్పి కూర్చోవాలి.’

ఈ ముక్క విన్నాక నా పని మొత్తం తలకిందులైంది. కొనేవాడికి చూపించే వైపున రంగు, పేరు, గీతలు ఉన్నాయి. సీసా తెరిచాక కూడా ఎవరూ చూడని వైపున, తయారుచేసేవాళ్ళు తమలో తాము రాసుకున్న చీటీ ఉంది. అది మన ఇంటి దాకా వస్తుంది, మన చేతిలోంచే చెత్తబుట్టలోకి పోతుంది. వస్తువుల గురించి నేను అప్పటిదాకా చేసిందంతా కొనేవాడి వైపు నిలబడి చేసిందే. ఎంత తిట్టినా ఆ వైపు నుంచే తిట్టాను.

41

గోడ విప్పేశాను. రంగు ఊసు వదిలేసి మూతల్ని లోపలి గుర్తుల్ని బట్టి వేరుచేయడం మొదలుపెట్టాను. భూతద్దం, పక్కనుంచి టార్చి లైటు, నోటుపుస్తకం. నాలుగు వారాలు పట్టింది.

జాబితా రాస్తున్నప్పుడు బ్రిటిష్ ఆర్టిస్టు మైకేల్ లాండీ చేసిన ‘బ్రేక్ డౌన్’ తరచూ గుర్తొచ్చేది. 2001లో లండన్‌లో ఒక ఖాళీ బట్టల దుకాణంలో ఆయన తనకున్న వస్తువులన్నిటినీ, 7,227 వస్తువుల్ని, రెండు వారాల్లో విడగొట్టి పొడి చేయించాడు. అందరూ ఆ ధ్వంసం గురించే మాట్లాడతారు. నాకైతే అంతకు ముందు జరిగిన పని మీదే గౌరవం. ప్రతి వస్తువుకీ నంబరు వేసి పట్టికలో రాసుకున్నాడు. తన దగ్గర ఏముందో అంత ఓపిగ్గా చూసుకున్నవాళ్ళు ఎంతమంది ఉంటారు?

ఒకే రకం, ఒకే అక్షరం ఉన్న తెల్ల మూతలు అన్నిటికంటే ఎక్కువ తేలాయి. 1 నుంచి 48 దాకా నలభై ఏడు నంబర్లు ఉన్నాయి. 41 లేదు.

ఇక్కడ నేను సిగ్గుపడే విషయం ఒకటి చెప్పాలి. ఆ 41 కోసం నేను సీసాలు కొనడం మొదలుపెట్టాను. మూత విప్పడం, చూడడం, కాదనుకుని ఇంకోటి తెరవడం. తాగాల్సినంత తాగి మిగతాది సింకులో పోశాను. ఒక నెలలో 34. స్టూడియోలో తోటివాడు ఒకరోజు వరసగా పెట్టిన సీసాలు చూసి, ‘నువ్వు చేస్తున్న పని దేని గురించి అన్నావు?’ అని అడిగాడు. నవ్వాపుకుంటూనే అడిగాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

లెక్క తెలిసినవాళ్ళకి ఇది పాత సమస్యే. 48 నంబర్లూ సమానంగా కలిసిపోయి వస్తున్నాయనుకుంటే, ప్రతి నంబరూ కనీసం ఒక్కసారి చేతికి రావాలంటే సగటున 214 మూతలు కావాలి. మొదటి ముప్పై నలభై నంబర్లు చకచకా వచ్చేస్తాయి, చివరి ఒకటి రెండే ప్రాణం తీస్తాయి. ఒక్క చివరి నంబరు కోసమే సగటున 48 మూతలు చూడాల్సి వస్తుంది. పిల్లల స్టిక్కర్ ప్యాకెట్ల వ్యాపారం నడిచేది సరిగ్గా ఆ చివరి రెండింటి మీదే. ఎవరూ నాకు ఎర వెయ్యలేదు. నేనే ఎర తయారుచేసుకుని నేనే మింగాను.

కొన్నవి 34 పక్కన పెట్టేశాను. మామూలుగా తాగగా మిగిలినవే లెక్కలోకి వస్తాయని నియమం పెట్టుకున్నాను. అలా ఆ తెల్ల రకం మూతలు 263 మిగిలాయి. 41 ఎందుకు రాలేదో టూల్ రూమ్ పెద్దాయనని అడిగాను. ‘మూసేసి ఉంటారు. ఒక గుంట పాడైతే మిషన్ ఆపరు కదా, ఆ ఒక్కటీ బంద్ చేసి నలభై ఏడుతో నడుపుతారు, మళ్ళీ సర్వీసింగ్ దాకా.’ కావచ్చు. నా అదృష్టం కూడా కావచ్చు. 263 మూతల్లో ఒక నంబరు కేవలం యాదృచ్ఛికంగా తప్పిపోవడం అంత అరుదేమీ కాదు. రెండింట్లో ఏదో తేల్చే దారి లేదు, తేల్చకుండా ఉంచడమే నాకు నచ్చింది.

పోత

ఇప్పుడు ఆ అంకెని చూపించడమెలా? మూతల్నే వెల్లకిలా పెడితే చాలదు. ప్లాస్టిక్ కంటబడగానే జనం మళ్ళీ ‘పర్యావరణం’ అనేస్తారు. కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దుదామంటే 28 మిల్లీమీటర్ల గుంటలో, రింగు అడ్డం. అందుకే లోపలి ఖాళీని పోత పోద్దామనుకున్నాను.

మొదట ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వాడాను. అంకెలు మెత్తగా, అరిగినట్టు వచ్చాయి. పళ్ళ డాక్టర్లు వాడే డెంటల్ స్టోన్‌కి మారాను. అదీ జిప్సమే, కానీ గట్టిది. నీళ్ళు తక్కువ పీలుస్తుంది. వంద గ్రాముల ప్లాస్టర్‌కి యాభై మిల్లీలీటర్ల నీళ్ళు పడితే దీనికి ముప్పై సరిపోతాయి. నీళ్ళు తగ్గితే బలం, వివరం రెండూ పెరుగుతాయి.

మొదటి అరవై పాడయ్యాయి. ఈ ప్లాస్టిక్ తడవదు. నీళ్ళు దాని మీద ముత్యాల్లా జారతాయి, మూలల్లో గాలి ఇరుక్కుంటుంది. బుడగ సరిగ్గా అంకె మీద కూర్చుంటే 38 కాస్తా ఎలుక కొరికిన గీతలా వచ్చింది. ఉపాయం చిన్నదే. సబ్బునీళ్ళు పల్చగా రాసి, ఊది ఆరబెట్టి, నీళ్ళలో కలిపిన జిప్సంని మొదట కొద్దిగా బ్రష్షుతో అంకె మీద పూసి, అప్పుడు మిగతాది నింపాలి. నింపాక బల్లని కింద నుంచి వేళ్ళతో తడుతూ ఉండాలి.

తీయడం ఎలా అన్నది అసలు భయం. మూత లోపల మరలు ఉన్నాయి, పోత వాటిలో బిగుసుకుని ఉంటుంది. లాగితే విరిగిపోతుంది. మూతని కోసెయ్యాలేమో అనుకున్నాను. గంట ఆగాక ఒకటి చేతిలోకి తీసుకుని, ఆలోచించకుండానే తిప్పాను. కిర్రుమంది. ఇంకొంచెం తిప్పితే వదులైంది. తెల్లటి పోత మరల వెంట తిరుగుతూ బయటికి వచ్చేసింది, సీసా మూత తెరిచినట్టే. రోజూ చేసే పనే. ఈసారి మాత్రం చేతిలో మిగిలింది సీసా కాదు, మూతలోపలి చోటు. ముట్టుకుంటే ఇంకా గోరువెచ్చగా ఉంది. జిప్సం గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది కదా. చూడ్డానికి బిరడాలా ఉంది కాబట్టి అప్పటి నుంచి వాటిని బిరడాలనే పిలిచాం.

దాని కొన మీద అంకె తిరగబడి, లోతుగా ఉంది. పొరపాటేమో అనుకుని కాసేపు తికమకపడ్డాను. తర్వాత వెలిగింది. ఫ్యాక్టరీలో ఉక్కు కోర్ మీద అంకెని తిరగేసి, లోతుగా చెక్కుతారు. అప్పుడే మూతలో అది సరిగ్గా, ఉబ్బెత్తుగా పడుతుంది. నా బిరడా ఆ కోర్ నకలే అన్నమాట. ప్లాస్టిక్ చల్లారేటప్పుడు రెండు శాతం అటూ ఇటూగా కుంచించుకుపోతుంది, ఆ మేరకు చిన్నది. చెత్తలోంచి వెనక్కి నడుచుకుంటూ వెళ్ళి, ఎప్పుడూ చూడని మిషన్ వేలిని జిప్సంలో తయారుచేశానన్నమాట.

ఫ్యాక్టరీలో తయారైన మూత్రపాత్రనే కళాకృతిగా ముందుకు తెచ్చిన మార్సెల్ డ్యుషాం ‘ఫౌంటెన్’ ఇలాగే ఒక విచిత్రమైన దారి తొక్కింది. 1917లో ప్రదర్శనకి పంపిన అసలు మూత్రపాత్ర పోయింది. ఇప్పుడు మ్యూజియాల్లో కనిపించేవాటిలో చాలావరకు 1964లో, పాత ఫొటో ఆధారంగా పనివాళ్ళ చేత తయారుచేయించిన నకళ్ళు. ఫ్యాక్టరీ వస్తువుని ఎంచుకోవడమే కళ అన్న పని, చివరికి ఆ వస్తువునే ప్రత్యేకంగా పనివాళ్ళు చేసిపెట్టాల్సిన చోటికి చేరింది. బిరడాలు పోస్తున్న ఆరు వారాలూ నాకు ఇదొక ఓదార్పు.

పోతలైపోయాక బరువు తూచాను. 263 మూతలూ కలిపి ఆరువందల గ్రాములు లేవు. పాడైనవి కలుపుకుని నేను వాడిన జిప్సం ఎనిమిది కిలోలు. వృథా గురించి పని చేస్తూ దానికి పదింతలకు పైగా వృథా. దీన్ని సమర్థించుకునే వాక్యం నా దగ్గర లేదు, వివరాల చీటీలో మాత్రం రెండు బరువులూ రాశాను.

బల్ల

ప్రదర్శనలో ఒక పొడవాటి బల్ల మీద 48 వరసలు. ఒక్కో నంబరుకి ఎన్ని బిరడాలు ఉంటే వరస అంత పొడవు. 12 అన్నిటికంటే పొడుగు, పదకొండు. 30కి ఒక్కటే. 41 చోటు ఖాళీ. గోడ మీద వాక్యాలేమీ లేవు. మూతలు చూపించలేదు, రంగు ఎక్కడా లేదు.

మొదటి రెండు రోజులూ తుస్సుమంది. పైనుంచి పడే ట్యూబులైట్ల వెలుగులో అంకెలు మాయమైపోయాయి. జనానికి అవి చదరంగం పావుల్లా, పళ్ళ కట్టుల్లా కనిపించాయి. మూడో రోజు ఆ లైట్లు ఆర్పించి, బల్ల చివర దాదాపు బల్ల ఎత్తులోనే ఒక్క దీపం పెట్టించాను. పక్కనుంచి వెలుగు పడగానే ప్రతి అంకె గుంటలోనూ నీడ నిలిచింది. తిరగబడ్డ అంకెలు కదా, కొందరు అదేదో తెలియని లిపి అనుకున్నారు. వంగి చూశారు. ఒకావిడ ఫోన్ కెమెరాలో అద్దంలా తిప్పి చదివింది. ఒక కుర్రాడు తన బ్యాగులోంచి నీళ్ళ సీసా తీసి, మూత విప్పి లోపలికి చూశాడు. పక్కవాడికి చూపించాడు. వాడూ తనది తీశాడు. ఆ రోజుల్లో ఫొటోలు దిగినవాళ్ళు తక్కువే. రంగుల గోడ ముందు ఐదు సెకన్లు ఆగనివాళ్ళు ఇక్కడ నాలుగైదు నిమిషాలు ఉన్నారు. ఇందులో కొంత దీపం చలవ, అది ఒప్పుకుంటాను.

అన్నీ కుదిరాయని కాదు. అంకె వెనక మనిషి ఉన్నాడన్నది చాలామందికి చేరలేదు. అది ఏదో లాటరీ నంబరు లాంటిదని అనుకుని వెళ్ళిపోయారు. టూల్ రూమ్ పెద్దాయన గొంతు రికార్డు చేసి పెట్టమని స్నేహితులు అన్నారు. నేను వద్దన్నాను. ఇప్పుడు ఆలోచిస్తే పెట్టాల్సిందనిపిస్తుంది. కనీసం ‘మీకోసం కాదమ్మా, మాకోసం’ అన్న ఆ ఒక్క ముక్క. ఆయన మాత్రం షోకి వచ్చాడు. బల్ల చుట్టూ ఒక రౌండు నడిచి, ‘30 దగ్గర మర అరిగినట్టుంది, చూసుకోవాలి’ అని వెళ్ళాడు.

ఇంకో చిక్కు అమ్మకం దగ్గర వచ్చింది. ఒకావిడ 23 నంబరు బిరడా ఒక్కటి అమ్ముతారా అని అడిగింది. పుట్టినరోజు తేదీ అట. మర్నాడు ఇంకొకరు 7 అడిగారు. విడివిడిగా అమ్మితే వారంలో బల్ల ఖాళీ అయ్యేది, స్టూడియో అద్దె ఆరు నెలలు గడిచేది. అమ్మలేదు. ఇది గొప్ప త్యాగమేమీ కాదు, ఒక రాత్రంతా లెక్కలు వేసుకున్నాకే వద్దనుకున్నాను. ‘నా నంబరు’ అని వెతుక్కునే ఆ చెయ్యి, 41 కోసం సీసాలు తెరిచిన నా చెయ్యి ఒకటే అనిపించింది.

చివరి రోజు బిరడాలు పెట్టెల్లో సర్దుతుంటే గ్యాలరీ సెక్యూరిటీ అతను వచ్చి కిటికీ గట్టు దగ్గరికి పిలిచాడు. అక్కడ తెల్ల మూతలు వరసగా వెల్లకిలా పెట్టి ఉన్నాయి, ఇరవై దాకా. షో మొదలైనప్పటి నుంచి తను డ్యూటీలో తాగిన నీళ్ళ సీసాలవి. మా తెల్ల మూతల రకమే, అదే అక్షరం. నేను వంగి ఒక్కొక్కటీ చూస్తుంటే అతనే చెప్పాడు.

‘నేనూ చూశా మేడమ్. 41 రాలేదు.’